1962 నాటి ఇంగ్లీష్ కిరాయినామా: 'డిమైజ్' అంటే ఇక్కడ చావు కాదా?

ప్రశ్న (మిర్యాలగూడ)

నల్గొండలో ఒక దుకాణం గురించి 1962లో ఇంగ్లీష్‌లో టైపు చేసిన కిరాయినామా చదవాల్సి ఉన్నది. అసలు వాక్యం ఇది: "ది లెస్సార్ డత్ హియర్‌బై డిమైజ్ అన్‌టు ది లెస్సీ, హిజ్ ఎయిర్స్ అండ్ అసైన్స్, ది సెడ్ మెస్వేజ్ విత్ ది అపర్టెనెన్సెస్ దేర్‌టు." రెండో పేజీలో "షుడ్ ది లెస్సీ డై వితౌట్ ఇష్యూ, దిస్ లీజ్ షల్ డిటర్మిన్" అని ఉన్నది. ఫోన్‌లో తర్జుమా చేస్తే మొదటిదాంట్లో చావు వస్తున్నది, రెండోదానికి "గొడవ లేకుండా చనిపోతే లీజు నిర్ణయిస్తుంది" అని వస్తున్నది. 'అసైన్స్' అని ఉంది కదా, ఇది అసైన్డ్ భూమా? తెలిసినవాళ్లు జెర వివరంగ చెప్పండి.

జవాబు 1 (దస్తావేజు లేఖరి, నల్గొండ)

మెస్వేజ్ లాంటి తెలియని మాటతో భయం లేదు, ఎవరైనా ఆగి అర్థం వెతుక్కుంటారు. ముంచేవి తెలిసినట్టు కనిపించే మాటలే. మీ రెండు వాక్యాల్లో అలాంటివి నాలుగున్నాయి: డిమైజ్, అసైన్స్, ఇష్యూ, డిటర్మిన్.

లెస్సార్ అంటే కిరాయికి ఇచ్చే యజమాని, లెస్సీ అంటే కిరాయిదారు. డిమైజ్ అంటే ఇక్కడ కిరాయికి అప్పగించడం. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, మొదటి అర్థం అప్పజెప్పడమే. రాజు పోతే రాజ్యం వారసుడి చేతికి పోతుంది, దానినీ డిమైజ్ అన్నారు. చావు అనే అర్థం ఆ దారిలో తర్వాత అంటుకున్నది. ఇష్యూ అంటే సంతానం. డిటర్మిన్ అంటే ముగిసిపోవడం. 1882 ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్‌లో లీజు ముగియడానికి ఇప్పటికీ అదే మాట వాడుతున్నారు. కాబట్టి మీ రెండో వాక్యం: "కిరాయిదారు సంతానం లేకుండా చనిపోతే ఈ లీజు ముగుస్తుంది." ఫోన్ చెప్పినదానికి, దీనికి ఎంత తేడానో చూడండి. దాన్ని నమ్మి సంతకాలు పెట్టొద్దు.

మెస్వేజ్ అంటే ఇల్లు, దాని కొట్టాలు, చుట్టూ ఉన్న జాగా కలిపి. అపర్టెనెన్సెస్ అంటే దానికి అంటిపెట్టుకొని వచ్చేవి: బాయి, దారి, నీళ్ల హక్కు. 'సెడ్' అంటే మన 'సదరు'. మొత్తం వాక్యం మన దస్తావేజు తెలుగులో ఇట్లా ఉంటుంది: "సదరు ఇంటిని, దానికి చెందిన యావత్తు హక్కులతో, ఇందుమూలముగా కిరాయిదారుకు, అతని వారసులకు, అతని నుంచి హక్కు పొందినవారికి కిరాయికి ఇవ్వడమైనది."

చివరన "సెట్ హిజ్ హ్యాండ్" అని ఉంటే చెయ్యి పెట్టమని కాదు, సంతకం చేశాడని. మన 'చేవ్రాలు' కూడా చేయి, వ్రాలు కలిసిన మాటే కదా.

జవాబు 2 (ఇంగ్లీష్ లెక్చరర్, మహబూబ్‌నగర్)

హియర్‌బై, దేర్‌టు లాంటివి తెలుగువాళ్లకు సులువు. హియర్ అంటే 'దీని', దేర్ అంటే 'దాని', వేర్ అంటే 'దేని'. వెనక ఉన్న చిన్నమాట మన విభక్తి. హియర్‌బై: దీని ద్వారా. దేర్‌టు: దానికి. దేరాన్: దాని మీద. వేరిన్: దేనిలో. దస్తావేజులో 'దీని' అంటే ఆ కాగితమే, 'దాని' అంటే ఇప్పుడే పైన చెప్పిన వస్తువు. జిరాక్సు కాపీ మీద పెన్సిల్‌తో ప్రతి 'దేర్' నుంచి వెనక్కి గీత గీసి అది దేన్ని పట్టుకుందో రాసుకోండి. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. రెండు వస్తువులు దగ్గరదగ్గరగా ఉంటే 'దాని' దుకాణానిదో, పక్క ఖాళీ జాగాదో అని తకరారు వస్తుంది.

ఇదే వరుస ఇంకో చోటా ఉంది: హిదర్, దిదర్, విదర్ అంటే ఇటు, అటు, ఎటు. హెన్స్, దెన్స్, వెన్స్ అంటే ఇక్కడి నుంచి, అక్కడి నుంచి, ఎక్కడి నుంచి. 'వేర్‌ఫోర్' మాత్రం 'ఎక్కడ' కాదు, 'ఎందుకు'. జూలియెట్ "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో" అన్నప్పుడు అతన్ని వెతకడం లేదు, పగవాడి ఇంటి పేరున్న రోమియోవి ఎందుకయ్యావని బాధపడుతున్నది. డిగ్రీ పిల్లలు ఏటా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

డత్, హాత్, విట్నెసెత్ చివరి 'త్' ఇప్పటి 'స్' లాంటిదే: డజ్, హ్యాజ్, విట్నెసెస్. ప్రార్థనల్లో వినిపించే దౌ గౌరవ వాచకం అనుకుంటారు. కాదు, అది 'నువ్వు'. మనం దేవుణ్ణి 'నువ్వు' అన్నట్టే.

జవాబు 3 (వకీలు, సూర్యాపేట)

అసైన్స్ గురించి పైన సరిగ్గానే చెప్పారు, కిరాయిదారు నుంచి హక్కు బదిలీ అయినవాళ్లని అర్థం. ప్రభుత్వం భూమిలేని పేదలకిచ్చిన అసైన్డ్ భూమికి, దాని అమ్మకాన్ని నిషేధించే 1977 చట్టానికి ఈ మాటతో సంబంధం లేదు. ఆ అనుమానం తీరాలంటే పాత పహాణీలో లావణి పట్టా (సర్కారు భూమిని అసైన్ చేసి ఇచ్చిన పట్టా) అని ఉందేమో చూడాలి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడాలి. కిరాయినామాలోని ఒక్క మాటతో తేల్చుకోవద్దు.

'మొయిటీ' వస్తే సగం వాటా. 'వితౌట్ లెట్' వస్తే ఆటంకం లేకుండా. మన పాస్‌పోర్టు లోపలి పేజీలోనూ అదే లెట్ ఉన్నది. అద్దెకివ్వడం అనే లెట్ వేరు, రాత మాత్రమే ఒకటి.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషం సార్. దీనికి కుట్టి ఉన్న ఉత్తరంలో "యువర్ లెటర్ ఆఫ్ ది 12త్ అల్టిమో" అని ఉన్నది. ఉత్తరం తేదీ 3 మార్చి 1962.

జవాబు (లెక్చరర్)

అల్టిమో అంటే పోయిన నెల. మీ ఉత్తరం 12 ఫిబ్రవరి 1962 నాటి దానికి జవాబు. 'ఇన్‌స్టంట్' అని ఉంటే ఇదే నెల, 'ప్రాక్సిమో' అయితే వచ్చే నెల. లెక్క ఉత్తరం రాసిన తేదీ నుంచే, అందిన తేదీ నుంచి కాదు. పైన తేదీ చిరిగిపోతే కవరు మీద పోస్టు ముద్ర చూడండి.