రాత్రి ఏమీ తినకపోయినా పరగడుపున షుగర్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మా నాన్నగారికి పడుకునే ముందు 130 ఉన్న షుగర్, మధ్యలో ఏమీ తినకపోయినా, ఉదయం పరగడుపున 170 చూపుతోంది. కారణం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి పెరిగి, గ్లూకోజును రక్తంలోకి వదలమని కాలేయాన్ని ప్రేరేపిస్తాయి, మధుమేహం లేనివారిలో ఆ పెరుగుదలను ఇన్సులిన్ అదుపు చేస్తుంది గానీ, ఉన్నవారిలో అది చాలదు. దీనినే డాన్ ఫినామినన్ అంటారు.

సమాధానం 2: రాత్రి పదింటికి నూనె ఎక్కువగా ఉన్న కూరలతో భోజనం చేసినా (మానమంటే పెద్దవారు వింటారా!) అరుగుదల నెమ్మదించి, షుగర్ ఆలస్యంగా పెరగవచ్చు.

సమాధానం 3: ఆయన ఇన్సులిన్ వాడుతున్నట్లయితే, కొన్ని రాత్రులు మూడు గంటలకు కూడా పరీక్షించండి. అప్పుడు 70 కంటే తక్కువ ఉంటే ఇన్సులిన్ మోతాదు ఎక్కువై, అలా పడిపోయిన షుగర్‌ను శరీరమే ఉదయానికి తిరిగి పెంచుతుండవచ్చు; ఆ అంకెలను వైద్యునికి చూపించకుండా మోతాదు పెంచవద్దు.