‘గ్రేటెస్ట్ హిట్స్’ను ‘ఆణిముత్యాలు’ అనవచ్చునా?

ప్రశ్న:

మిత్రులందరికీ నమస్కారం. అమెరికన్ గాయకుడు బాబీ వీ గురించి ఒక చిన్న వ్యాసం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. బాగా అమ్ముడుపోయిన ఆయన పాటలను ఏర్చి కూర్చి, 1962లో లిబర్టీ రికార్డ్స్ వారు ‘బాబీ వీస్ గోల్డెన్ గ్రేట్స్’ అనే ఎల్పీని (పాటల సంపుటి ఉన్న గ్రామఫోన్ రికార్డును) విడుదల చేశారు. దానిని నేను ‘బాబీ వీ ఆణిముత్యాలు’ అని రాశాను. చిత్తుప్రతి చదివిన మా అన్నయ్య, ఇరవై ఏళ్లయినా నిండని కుర్రవాడికి అప్పుడే ఆణిముత్యాలేమిటని, అది ఘంటసాల గారి వంటి వారి పాటలకు వాడుకునే మాట అని ఎర్రసిరాతో కొట్టివేశారు. కొట్టివేత న్యాయమేననిపించింది గాని, ఆ ఖాళీలో ఏ మాట పెట్టాలో తోచలేదు.

నేపథ్యం తెలియని వారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. బాబీ వీ అసలు పేరు రాబర్ట్ వెలీన్. ఆయన 1943లో నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో పుట్టాడు. 1959 ఫిబ్రవరి 3న బడీ హాలీ, రిచీ వాలెన్స్, బిగ్ బాపర్ అనే ముగ్గురు గాయకులు ప్రయాణిస్తున్న విమానం అయోవాలోని క్లియర్ లేక్ దగ్గర కూలిపోగా, ఆ రాత్రి వారు పాడవలసిన మూర్‌హెడ్ పట్టణపు వేదిక మీద, అప్పటికప్పుడు పోగుచేసుకున్న జట్టుతో ఈ పదిహేనేళ్ల పిల్లవాడు పాడాడు. రెండున్నరేళ్లు తిరిగేసరికి, 1961 సెప్టెంబరులో, జెర్రీ గాఫిన్, కరోల్ కింగ్ దంపతులు కట్టిన ‘టేక్ గుడ్ కేర్ ఆఫ్ మై బేబీ’ అతని గొంతులో అమెరికన్ సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వారి పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఇటువంటి గాయకులను అక్కడ ‘టీన్ ఐడల్’ అంటారు. తెలుగులో దానిని ఏమనాలన్నది నా రెండవ చిక్కు.

మొదటి జవాబు:

మీ అన్నగారితో నేను ఏకీభవిస్తాను, అయితే కారణం గాయకుడి వయసు కాదు. ‘హిట్’ అన్నది లెక్కకు సంబంధించిన మాట, ‘ఆణిముత్యం’ అన్నది నాణ్యానికి సంబంధించిన మాట. ఆణిముత్యమంటే గుండ్రంగా, మచ్చలేకుండా ఉండే మేలిరకం ముత్యమని నిఘంటువులు చెబుతాయి. తమిళంలోనూ ‘ఆణిముత్తు’ ఉంది, మేలిమి బంగారానికి ‘ఆణిప్పొన్’ అనే మాటా ఉంది. అంటే ఎవరో చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఇది మేలైనదని తేల్చిన తరువాతే ఆ మాట పుడుతుంది. హిట్టుకు ఆ పరీక్ష లేదు. ఎన్ని రికార్డులు అమ్ముడయ్యాయో, రేడియోలో ఎన్నిసార్లు మోగిందో లెక్కకట్టి, ఆ వారం పట్టికలో ఎక్కడ నిలిచిందో చెబితే చాలు. బిల్‌బోర్డ్ వారి ‘హాట్ హండ్రెడ్’ పట్టిక 1958 ఆగస్టులో మొదలైంది. హిట్టయిన పాటలను ఒకచోట చేర్చి అమ్మడమూ దాదాపు అదే కాలంలో ఊపందుకుంది. ఆ ఏడాదే వచ్చిన ‘జానీస్ గ్రేటెస్ట్ హిట్స్’ అనే జానీ మాథిస్ సంపుటి తొమ్మిదేళ్లకు పైగా అమ్మకాల పట్టికలో ఉండిపోవడం చూసిన ఏ కంపెనీ ఊరుకుంటుంది?

మీ ఎల్పీ పేరులోని ‘గోల్డెన్’ కూడా మనకు తోచే బంగారం కాదు. మనకు ‘బంగారు తండ్రి’, ‘బంగారు కొండ’ అన్నప్పుడు అందులో ఉండేది ముద్దు. ఆ కాలపు అమెరికన్ రికార్డు వ్యాపారంలో బంగారమంటే పాట రికార్డు పది లక్షల ప్రతులు అమ్ముడవడం. అక్కడి రికార్డు కంపెనీల సంఘం 1958లోనే అధికారికంగా గోల్డ్ రికార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సంవత్సరమే ఎల్విస్ ప్రెస్లీ పాటల సంపుటి ఒకటి ‘గోల్డెన్ రికార్డ్స్’ పేరుతో వచ్చింది. కాబట్టి ‘స్వర్ణగీతాలు’ అని రాసినా చదువరికి కవిత్వం అందుతుందే గాని వ్యాపారం అందదు.

తెలుగులో దగ్గరి మాట కావాలంటే ‘తగలడం’ ఉంది. లాటరీ తగిలింది అంటాము కదా, హిట్ లోని అసలు భావం అదే. అయితే ‘తగిలిన పాటలు’ అంటే దెబ్బ ఎవరికి తగిలిందని అడుగుతారు. అందుచేత ‘హిట్టు’ను అలాగే ఉంచండి. ఉకారం తగిలించుకుని, ‘హిట్లు’ అని బహువచనం తెచ్చుకుని, ‘హిట్టయింది’ అని క్రియ కూడా కట్టుకున్న మాటను ఇంకా పరాయిదని ఎందుకనుకోవాలి? ‘హిట్టు కొట్టాడు’ అని కూడా అంటున్నాము. అర్థం చూస్తే అది కొట్టునే కొట్టడం. కాని ‘నడిమధ్య’ అన్నప్పుడు నడుమను రెండుసార్లు చెప్పుకున్న జాతికి ఇది లెక్కలోనిది కాదు.

రెండవ జవాబు:

‘టీన్ ఐడల్’ గురించి నాకు తోచినది మనవి చేస్తాను. ‘టీన్’ అన్నది ఇంగ్లీషు అంకెల వల్ల ఏర్పడిన విభాగం. పదమూడు నుంచి పందొమ్మిది వరకు వారి అంకెల చివర ఆ ధ్వని వస్తుంది కాబట్టి ఆ ఏడేళ్లూ ఒక వయసయ్యాయి. మనకు ‘పది’ అంకె ముందు భాగంలో ఉంటుంది, పైగా పదకొండు నుంచే మొదలవుతుంది, కనుక ఆ హద్దు మన భాషలో గీత గీసినట్టు కనిపించదు. మనము వయసును అంకెతో కాక ఆనవాలుతో చెప్పుకున్నాము. కాశీఖండంలో శ్రీనాథుడు తన రచనలను తానే వరుసపెట్టి చెప్పుకున్న పద్యం మీ అందరికీ తెలిసినదే. చిరుతకూకటినాడు (పిల్లజుట్టు ఉన్న చిన్ననాడు) మరుత్తరాట్చరిత్ర, ‘నూనూగు మీసాల నూత్నయౌవనమున’ శాలివాహన సప్తశతి, నిండు జవ్వనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమేశ్వరుని మహిమ, ఆ పైన కాశీఖండం. ఒక కవి తన గ్రేటెస్ట్ హిట్స్ పట్టికను తానే సీసపద్యంలో ఇచ్చుకున్నాడని సరదాగా అనవచ్చు. మీ టీన్‌కు ‘నూనూగు మీసాల’ కంటే సూటి మాట నాకు దొరకలేదు.

ఇక ‘ఐడల్’ను ‘విగ్రహం’ అని మాత్రం రాయవద్దని ప్రార్థన. ‘విగ్రహపుష్టి నైవేద్యనష్టి’ అనే సామెత వెంటనే గుర్తుకు వస్తుంది. ఆ కాలపు టీన్ ఐడల్స్ మీద అక్కడి విమర్శకుల ఫిర్యాదు సరిగ్గా అదే కావడం వేరే సంగతి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఫేబియన్ అనే గాయకుడిని గొంతు విని కాక ముఖం చూసి ఎంచుకున్నారన్నది ప్రసిద్ధమే. బాబీ వీ అటువంటివాడు కాడు గనుక ఆ సామెత నీడ ఆయన మీద పడకూడదు. ‘కుర్రకారు ఆరాధించిన గాయకుడు’ అంటే సరిపోతుంది. రెండక్షరాల మాటకు మూడు మాటలు అవుతాయి, కానివ్వండి.

మూడవ జవాబు:

పెద్దలు మన్నించాలి. ‘ఆణిముత్యాలు’ నాణ్యాన్ని మాత్రమే చెబుతుందన్న మాట నిఘంటువులో నిజం కావచ్చు గాని, దుకాణంలో ఎప్పుడో అబద్ధమైపోయింది. క్యాసెట్ల కాలంలో ఏ గాయకుడివైనా పన్నెండు పాటలు ఒకచోట చేర్చి అట్ట మీద ‘ఆణిముత్యాలు’ అని వేసేవారు. అందులో మేలిముత్యాలు ఎన్ని, గాజుపూసలు ఎన్ని అని కొనేవాడు అడగలేదు. వాడుకలో మాట అరిగిపోయి ‘ఏర్చిన పాటలు’ అన్న అర్థానికి దిగిన తరువాత, బాబీ వీకి మాత్రం ఇవ్వకూడదనడం పక్షపాతం కాదా?

మొదటి జవాబు ఇచ్చిన వ్యక్తి:

అరిగిన మాట నిజమే, కాని పూర్తిగా అరగలేదు. అరిగి ఉంటే ఈ ప్రశ్న అడిగినవారి అన్నగారి చేతిలోని ఎర్రసిరా కదిలేది కాదు. శ్రీనాథుని పద్యం ఎత్తినవారు ఒక్క సంగతి వదిలేశారు. ఆ పట్టికలో మొదటి రెండు, అంటే కూకటినాటిదీ నూనూగు మీసాలనాటిదీ, మనకు గ్రంథాలుగా దక్కనే లేదు. నైషధం దక్కింది. అదృష్టం పాలు ఎంతో మనము చెప్పలేము గాని, నేడు ఆణిముత్యమని చేతిలోకి తీసుకుని చూడగలిగేది దానినే. 1962లో ఆ ఎల్పీ అట్ట మీద పేరు వేసినవారికి అంత కాలం ఆగే అవసరం లేదు. ఆ పేరు వేసిన తరువాత, 1963 తొలినాళ్లలోనే ‘ద నైట్ హ్యాజ్ ఎ థౌజండ్ ఐస్’ మూడవ స్థానానికి ఎక్కింది, 1967లో మరొకటి అంతే ఎత్తుకు చేరింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మీ చర్చ చదువుతుండగా నా వ్యాసంలోనే ఒక జవాబు కనబడింది. 1959లో మినియాపొలిస్‌లో రికార్డు చేసిన ‘సూజీ బేబీ’ బాబీ వీ మొదటి పాట. అది ఆ ప్రాంతంలో మోగిందే గాని దేశవ్యాప్త పట్టికలో పెద్దగా పైకి పోలేదు. ఆ ఏడాది కొన్నాళ్లు ఆయన జట్టులో పియానో వాయించిన కుర్రవాడే తరువాత ప్రసిద్ధ గాయకుడు బాబ్ డిలన్ అయ్యాడు. 2013లో సెయింట్ పాల్ నగరంలో, ఆల్జైమర్స్ అనే మతిమరుపు వ్యాధితో బాధపడుతున్న బాబీ వీ ప్రేక్షకులలో కూర్చుని ఉండగా, డిలన్ వేదిక మీద పాడినది పట్టికలో పైకెక్కిన హిట్లలో ఒకటి కాదు, ఈ పాటనే. అందువల్ల ఎల్పీని ‘బాబీ వీ హిట్టుపాటలు’ అని మార్చాను, ‘ఆణిముత్యం’ అన్న మాటను తీసుకువెళ్లి ‘సూజీ బేబీ’ పక్కన పెట్టాను. అన్నయ్య ఈసారి గీత గీయలేదు గాని, ‘హిట్టుపాటలు’ అని కలిపి రాయాలా, ‘హిట్టు పాటలు’ అని విడదీయాలా అని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ‘సినిమాపాటలు’ అని కలిపి రాసేవారు, విడదీసి రాసేవారు ఇద్దరూ ఇక్కడ ఉన్నారని తెలుసు. దయచేసి చెప్పండి.