మహమ్మారి కొత్త అలవాటును పుట్టించిందా, ఉన్న అలవాటుకే ఊపునిచ్చిందా?

పరిశీలకుడు (చర్చ ప్రారంభం):

భోజనాన్ని ఇంటికి తెచ్చిచ్చే యాప్‌ల వాడకాన్ని కోవిడ్ శాశ్వతంగా మార్చివేసిందన్నది నా వాదన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న దీన్ని మహమ్మారిగా పేర్కొంది. అత్యవసర స్థితి ముగిసిందని అదే సంస్థ ప్రకటించే నాటికి 2023 మే 5 వచ్చింది. మూడేళ్లకు పైగా చేసిన పని అలవాటు కాకుండా ఉండదు. అమెరికాలో ఇలాంటి యాప్‌ను నడిపే డోర్‌డాష్ సంస్థ స్వయంగా వెల్లడించిన లెక్కలే చూడండి: 2019లో 26.3 కోట్ల ఆర్డర్లు, 2020లో 81.6 కోట్లు, 2021లో 139 కోట్లు. జనాన్ని యాప్‌ల వైపు నెట్టింది కేవలం భయమే అయితే, టీకాలు వచ్చి రెస్టారెంట్లు తెరుచుకున్న 2021లో ఆ సంఖ్య తగ్గి ఉండాలి. తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో, నాతో విభేదించేవారు చెప్పాలని మనవి.

లెక్కలవాడు:

మీరు 2019 దగ్గర లెక్క మొదలుపెట్టారు కాబట్టి అలా కనిపిస్తోంది. మరొక్క ఏడాది వెనక్కి వెళ్లండి. అదే సంస్థకు 2018లో వచ్చినవి 8.3 కోట్ల ఆర్డర్లు. అంటే కోవిడ్ అన్న మాటే పుట్టని కాలంలో అవి మూడు రెట్లు దాటాయి. మహమ్మారి ఏడాదిలోనూ ఇంచుమించు అంతే పెరిగాయి. అప్పటికే పరుగెడుతున్న బండిని చూపించి గాలివాన తోసిందంటే ఎలా నమ్మమంటారు?

ఇక పెరుగుదల అందరికీ నిలవనూ లేదు. యూరప్‌కు చెందిన ఇలాంటి యాప్ సంస్థ జస్ట్ ఈట్ టేక్అవేకు 2022లో ఆర్డర్లు అంతకు ముందటి ఏడాది కంటే తగ్గాయి. ఆ సంస్థే 2020లో అమెరికా యాప్ గ్రబ్‌హబ్‌ను దాదాపు 730 కోట్ల డాలర్లకు కొనేందుకు ఒప్పందం చేసుకుని, 2024లో 65 కోట్ల డాలర్లకు అమ్మివేయడానికి సిద్ధపడింది. గిరాకీ శాశ్వతమని నమ్మినవారు ఆ నమ్మకానికి కట్టిన మూల్యం అది.

పరిశీలకుడు:

2018 సంగతి నేను చెప్పి ఉండవలసింది, ఒప్పుకుంటున్నాను. అయితే చిన్న సంఖ్య మూడు రెట్లు కావడమూ, దానికి మూడింతలున్న సంఖ్య మళ్లీ మూడు రెట్లు కావడమూ ఒకటి కావు; వ్యాపారం పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గడం సహజం, ఆ తగ్గుదలను 2020 వాయిదా వేసింది. గ్రబ్‌హబ్ ఉదాహరణ మాత్రం మీ వాదనకు పనికిరాదు. మార్కెట్‌లో దాని వాటాను ప్రధానంగా పోటీ యాప్‌లు పంచుకున్నాయి. ఒక యాప్ వదిలి మరో యాప్‌కు వెళ్లిన వినియోగదారుడు అలవాటు మానుకున్నట్టు కాదు కదా.

గుమ్మం దగ్గర:

మీరిద్దరూ ఎన్ని ఆర్డర్లని లెక్కిస్తున్నారు. ఆర్డరు ఎలా అందుకుంటున్నామన్నది ఎవరూ పట్టించుకోలేదు. 2020 వేసవిలో మా ఇంటి తలుపు బయట ఒక స్టూలు వేశాం. సంచి దాని మీద పెట్టి, ఆ అబ్బాయి పది అడుగులు వెనక్కి వెళ్లి ఫోన్ చేసేవాడు. నేను చేతులకు తొడుగులు వేసుకుని, డబ్బాల పైభాగం తుడిచి, తిండిని మా గిన్నెల్లోకి మార్చి, డబ్బాలను బయటే పారవేసేదాన్ని. తినే వేళకు అంతా చల్లారిపోయేది. ఆహారం వల్ల, దాని ప్యాకింగ్ వల్ల ఈ జబ్బు సోకుతుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని తెలిసినా చెయ్యి ఆగేది కాదు.

తుడవడం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. స్టూలు కూడా లోపలికి వచ్చేసింది. కాని యాప్‌లో చిరునామా కింద అప్పుడు రాసిన వాక్యం, “గంట కొట్టవద్దు, గుమ్మం దగ్గర పెట్టి వెళ్లండి,” నిన్నటి దాకా అలాగే ఉంది. చైనాలో భోజనం ఇంటికి చేర్చే మెయ్‌ట్వాన్ సంస్థ 2020 జనవరిలో వూహాన్‌లో ఈ పద్ధతిని తెచ్చింది వ్యాధి సోకకుండా. మేము ఇన్నేళ్లూ కొనసాగించింది, నిజం చెప్పాలంటే, లేచి వెళ్లి తలుపు తీయడానికి బద్ధకించి. తెచ్చిన మనిషి ముఖం చూసి ఎన్నాళ్లయిందో! మహమ్మారి మార్చింది దీన్నేనని నాకు అనిపిస్తుంది.

పరిశోధక విద్యార్థి:

పై అభిప్రాయం నాకు చాలా విలువైనదిగా తోస్తోంది, ఎందుకంటే ఈ విషయం మీద వెలువడిన సర్వేలలో చాలావరకు పట్టుకోలేనిది అదే. వాటిలో ఎక్కువ భాగం ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన సాంకేతికత స్వీకరణ నమూనా మీదే ఆధారపడతాయి: ఉపయోగం ఉందని, వాడటం సులువని మనిషి అనుకుంటే ఆ సాధనాన్ని స్వీకరిస్తాడని దాని సారాంశం. దానికి కోవిడ్ భయాన్ని మరొక అంశంగా చేర్చి, “ఇకముందు కూడా ఈ యాప్ వాడతారా?” అని అడిగారు. రెస్టారెంట్లు మూతపడి ఉన్నప్పుడు అడిగిన ఆ ప్రశ్నకు వచ్చిన “అవును” ఉద్దేశాన్ని చెబుతుందే గాని నడవడికను చెప్పదు. పైగా ఆన్‌లైన్‌లో పంపిన ప్రశ్నావళికి జవాబిచ్చినవారు అప్పటికే ఫోను ధారాళంగా వాడేవారు.

భయం ఒకే వైపు పనిచేసిందనుకోవడం కూడా పొరపాటే. బయటికి వెళ్లాలంటే భయపడినవారు యాప్ తెరిచారు. ఎవరి చేతిలో వండిందో అని భయపడినవారు బయటి తిండే మానుకుని వంటింట్లోకి వెళ్లారు. రెండు ప్రవాహాలూ కలిసిన మొత్తాన్ని చూసి ఏది ఎంతో చెప్పలేం. తేల్చాలంటే 2020లో మొదటిసారి యాప్ వాడినవారిని విడిగా తీసి, ఆంక్షలు తొలగిన తరువాత వాళ్లు నెలకు ఎన్నిసార్లు ఆర్డరు చేశారో చూడాలి.

“గుమ్మం దగ్గర” గారికి ఒక ప్రశ్న. మీ ఇంట్లో అలా మొదటిసారి వాడినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే, ఇప్పటికీ వాడుతున్నారా?

గుమ్మం దగ్గర:

మా మామగారు ఉన్నారు. డెబ్బై దాటాక, ఆ వేసవిలోనే నేర్చుకున్నారు. ఇప్పటికీ వారానికి ఒకసారి యాప్ తెరుస్తారు. ఏయే వంటకాలున్నాయో చూసి, యాప్ మూసి, రెస్టారెంటుకు నేరుగా ఫోన్ చేస్తారు. అక్కడ అదే వంటకం తక్కువకు వస్తుందని ఆయన కనిపెట్టారు. తరువాత తానే నడిచి వెళ్లి తెచ్చుకుంటారు. ఆయనను ఏ లెక్కలో వేసుకుంటారో మీరే చెప్పండి.