నార్విచ్ బట్టల వర్తకుడి వీలునామా, పెళ్లిళ్లు, ఆస్తి: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం:
ఇంగ్లండ్‌లో, నార్విచ్‌లో ఎమ్మే చేస్తున్నాను. 1600–1660 మధ్య ఒక బట్టల వర్తకుడి కుటుంబం మీద పని. 1631 నాటి వీలునామా దొరికింది. అందులో ఒక ఇల్లు 'సన్ ఇన్ లా'కి రాశాడు. కానీ ఉన్న ఇద్దరు కూతుళ్లకీ 'పెళ్లి రోజున ఇవ్వండి' అని డబ్బు విడిగా పెట్టాడు. మరి అల్లుడెక్కడి నుంచి వచ్చాడు? ఇంకో రెండు ప్రశ్నలు: పెళ్లప్పుడు రాసుకున్న ఆస్తి ఒప్పందాలు ఎక్కడ వెతకాలి? వీలునామాలో ఊసే లేని పెద్దకొడుక్కి ఏమీ దక్కలేదనుకోవాలా?

క్యూ_పాఠకుడు:
అతను అల్లుడు కాదండీ. మీ వర్తకుడు ఎవరో వితంతువుని చేసుకుని ఉంటాడు, ఆమెకి మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకు ఇతను. ఆ రోజుల్లో ఆ వరసని కూడా 'సన్ ఇన్ లా' అనే రాసేవారు. మారుతల్లిని 'మదర్ ఇన్ లా' అనేవారు. మీ నార్విచ్ ఉన్న నార్ఫోక్ కౌంటీ నుంచి వచ్చిన గ్రెషమ్‌లనే వర్తక కుటుంబం సంగతే చూడండి. థామస్ గ్రెషమ్ 1544లో ఆన్ ఫెర్నీలీని చేసుకున్నాడు. ఆమె విలియం రీడ్ అనే వర్తకుడి వితంతువు. గ్రెషమ్ సొంత కొడుకు 1564లోనే పోయాడు. 1579లో ఆయన, 1596లో ఆన్ పోయాక ఆస్టర్లీ ఎస్టేటు ఆమె మొదటి పెళ్లి కొడుక్కి వెళ్లింది. ముందు వితంతువు మొదటి భర్తని పట్టుకోండి, ఆస్తి దారి దానంతటదే కనిపిస్తుంది.

పాతదస్తావేజులు:
ముప్పై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేశాను. ఎన్ని వేల దస్తావేజులు నా చేతుల మీదుగా వెళ్లాయో లెక్క లేదు. కాగితంలో ఏ మాట ఉంటే అదే అర్థం. పెళ్లయిన పెద్ద కూతురు ఒకామె ఉండి, తండ్రి కంటే ముందే పోయి ఉండొచ్చు. అల్లుడంటే అల్లుడే. ఊహించి చరిత్ర రాయకూడదు బాబూ.

క్యూ_పాఠకుడు:
ఊహ కాదు సార్. ఆ కాలపు వీలునామాలు వందల్లో చదివాను. 'కజిన్' అని రాసి మేనల్లుడిని ఉద్దేశించినవి, 'బ్రదర్' అని రాసి బావమరిదిని ఉద్దేశించినవి బోలెడు. మన కాలపు అర్థం పెట్టి చదివితే చుట్టరికాలన్నీ తారుమారవుతాయి.

పాతదస్తావేజులు:
వందలు చదివానంటున్నారు, నేను వేలు చదివాను. పోయిన కూతురు ఉండొచ్చన్న మాటకి మీ దగ్గర జవాబు లేదు.

లెస్టర్_తమ్ముడు:
ఇద్దరూ కాస్త ఆగండి. అసలు తేదీలు సరిగ్గా చదివారా? నా పనిలో ఒక జంట పెళ్లి 1640 జూన్, బిడ్డ బాప్టిజం 1640 ఫిబ్రవరి. అంతకుముందు చూసినవాళ్లంతా పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ అని రాసేశారు. పాపం ఆ తల్లికి లేని మచ్చ అంటగట్టారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది, 1752లో గానీ జనవరి 1కి రాలేదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1641. పెళ్లయిన ఎనిమిది నెలలకి పుట్టింది. దాన్ని సరిచేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బందరు_లడ్డు:
మా బందరులో 1611 నుంచి ఇంగ్లీషు కంపెనీ వర్తకులున్నారు. ఇక్కడ పోయినవాళ్ల వీలునామాలు కూడా లండన్‌లో కాంటర్బరీ ఆర్చిబిషప్ కోర్టు రికార్డుల్లో దొరుకుతాయి. మద్రాసు సెయింట్ మేరీస్ చర్చిలో జరిగిన మొదటి పెళ్లి 1680 నవంబరులో ఎలిహు యేల్‌ది. ఆయన చేసుకున్నది కూడా హిన్మర్స్ అనే కంపెనీ ఉద్యోగి వితంతువునే.

లెస్టర్_తమ్ముడు:
నార్విచ్ గురించి అడిగితే మద్రాసు ఎందుకండీ?

బందరు_లడ్డు:
పద్ధతి ఒకటే కాబట్టి చెప్పాను. కసురుకోనక్కర్లేదు.

గోదారి_అత్తయ్య:
గ్రెషమ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆయనకి పెళ్లి బయట పుట్టిన కూతురు ఆన్‌ని నథానియెల్ బేకన్‌కి ఇచ్చారు. ఆ నథానియెల్ తల్లి జేన్ ఫెర్నీలీ, అంటే గ్రెషమ్ భార్యకి తోడబుట్టినదే. తల్లి అక్కచెల్లెళ్ల భర్త కూతురు మన లెక్కలో చెల్లెలి వరస! ఇది చదివినప్పుడు మనసు ఒప్పలేదు.

లెస్టర్_తమ్ముడు:
ఆమె ఫెర్నీలీ కడుపున పుట్టలేదు కదా అత్తయ్యా, ఇక చెల్లెలు ఎలా అవుతుంది?

గోదారి_అత్తయ్య:
ఎవరి కడుపున పుడితే ఏం, పిన్ని భర్త కూతురు చెల్లెలే. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడుగు.

క్యూ_పాఠకుడు:
వాళ్ల చర్చి నియమాల్లో అది తప్పు కాదు. సొంత పినతల్లి పిల్లల్ని చేసుకున్నా తప్పు లేదు, మేనమామే కుదరదు. మన వరసలు పెట్టి చూస్తే 'ఈ పెళ్లి జరిగి ఉండదు' అని కొట్టిపారేస్తాం, అసలు లింకే పోతుంది.

పాతదస్తావేజులు:
ఆస్తి సంగతి నేను చెప్తాను. భర్త పోతే భార్యకి మూడో వంతు, పిల్లలకి మూడో వంతు. మిగిలిన మూడో వంతుకే వీలునామా చెల్లుతుంది.

క్యూ_పాఠకుడు:
అది లండన్ ఆచారం సార్, అదీ ఆ నగరపు ఫ్రీమన్ (అక్కడ వ్యాపారం చేసుకునే హక్కున్న పౌరుడు) అయితేనే, చరాస్తికే. నార్విచ్ వర్తకుడికి వర్తించదు. భూమి సంగతి వేరు, వితంతువుకి బతికున్నంత కాలం మూడో వంతు మీద హక్కుంటుంది.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్సండీ. నిన్న ప్యారిష్ రిజిస్టర్ (చర్చిలో పెళ్లిళ్లు, బాప్టిజాలు రాసే పుస్తకం) మళ్లీ చూశాను. 1612లో ఆయన రెండో పెళ్లి ఉంది, పెళ్లికూతురి పేరు పక్కన 'విడో' అని రాసి ఉంది. ఇల్లు దక్కినవాడి ఇంటిపేరు, ఆమె మొదటి భర్త ఇంటిపేరు ఒకటే. పాతదస్తావేజులు గారూ, 1611 వరకూ ఆ ఇంట్లో మూడో కూతురి బాప్టిజం లేదు. పెళ్లి ఒప్పందాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాతదస్తావేజులు:
ఇంటిపేరు కలిసిందంటే ఒప్పుకుంటున్నాను. ముందే ఆ కాగితం చూపించి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. పెద్దకొడుకు గురించి అడిగారు కదా, దానికి కంగారు పడకండి. తండ్రి బతికుండగానే పంచి ఇచ్చేసిన కొడుకు పేరు వీలునామాలో ఉండకపోవచ్చు. అలాంటివి చాలా చూశాను.

క్యూ_పాఠకుడు:
ఒప్పందాలు విడిగా దొరకడం తక్కువ. ఎక్కువగా గొడవపడి చాన్సరీ కోర్టుకి (ఆస్తి, ఒప్పందాల తగాదాలు విన్న లండన్ కోర్టు) వెళ్తేనే బయటపడతాయి. ఫిర్యాదులు, జవాబులు ఇంగ్లీషులోనే ఉంటాయి, లాటిన్ భయం అక్కర్లేదు. మీ వర్తకుడి పేరుతోనే కాకుండా ఆమె మొదటి భర్త ఇంటిపేరుతో కూడా వెతకండి.

బందరు_లడ్డు:
చాన్సరీలో బందరు కేసులేమైనా కంటపడితే ఇక్కడ పెట్టండి, ప్లీజ్.