పై ఫ్లాట్ చప్పుళ్లు: మాట చెడకుండా తగ్గించుకునేదెలా?

మూడో అంతస్తు, కూకట్‌పల్లి

ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మా నెత్తి మీద ఫ్లాట్‌లో అద్దెకున్న కుటుంబంతో మాకు మంచి సఖ్యతే ఉంది. పండక్కి పిండివంటలు అటూ ఇటూ వెళ్తుంటాయి. అది పోగొట్టుకోవాలని లేదు. కానీ చప్పుళ్లు భరించలేకపోతున్నాం. రాత్రి పదిన్నర దాకా డైనింగ్ కుర్చీలు ఈడ్చడం, పిల్లల పరుగులు. పొద్దున్నే అయిదింటికి గ్రైండర్. వాషింగ్ మెషిన్ స్పిన్‌లోకి వెళ్లిందంటే మా బెడ్‌రూమ్ గోడ అదురుతుంది. శని, ఆదివారాలు హోమ్ థియేటర్ మోత పదకొండు దాటినా ఆగదు. ఫోన్ యాప్‌లో కొలిస్తే మాత్రం 40 డెసిబెల్స్ కూడా చూపించట్లేదు.

మా వైపు జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ వేయిస్తే తగ్గుతుందా? వాళ్లతో మాట ఎలా మొదలుపెట్టాలి? నేరుగా అసోసియేషన్‌కి చెప్పడం మంచిదా?

శబ్దం పని చేసేవాణ్ణి

ముందు ఫాల్స్ సీలింగ్ ఆలోచన పక్కన పెట్టండి. మన అపార్ట్‌మెంట్లలో స్లాబ్ సాధారణంగా ఐదంగుళాలు, దాని మీద సిమెంటు మాలు, ఆపైన టైల్స్. మధ్యలో మెత్తటి పొర అంటూ ఏదీ ఉండదు. కుర్చీ కాలు టైల్‌ని రాస్తే ఆ అదురు స్లాబ్‌తో ఆగదు, బీముల్లోకి, పిల్లర్లలోకి, మీ గోడల్లోకి దిగుతుంది. మీరు కప్పు ఒక్కటే మూస్తే నాలుగు గోడలూ పలుకుతూనే ఉంటాయి. పైగా మామూలు ఫాల్స్ సీలింగ్‌ని ఇనుప పట్టీలతో స్లాబ్‌కే బిగిస్తారు, ఆ పట్టీలే అదురును కిందికి దింపుతాయి. రబ్బరు హ్యాంగర్లు (సీలింగ్‌ని వేలాడదీసే కొక్కేలు), 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి ఉన్ని), రెండు పొరల బోర్డు, లైట్లకు రంధ్రాలు లేకుండా చేయిస్తే కొంత ఫలితం ఉంటుంది. ఆరేడు అంగుళాల ఎత్తు పోతుంది, ఖర్చు బాగా అవుతుంది, గోడల్లోంచి వచ్చేది అలాగే మిగులుతుంది. థర్మోకోల్, గుడ్ల ట్రేలు అసలు దండగ. ఈ రకం చప్పుడు పుట్టిన చోటే ఆపాలి, అది చవక కూడా.

కుర్చీలు: కాళ్లకు తొడిగే రబ్బరు బుష్‌లు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. కాలు గుండ్రమా, చదరమా చూసి, అడ్డంగా ఎంతుందో కొలిచి తీసుకోవాలి. వదులుగా ఉంటే వారంలో ఊడిపోతాయి. అంటించే ఫెల్ట్ (ఒత్తైన ఉన్నిగుడ్డ) ముక్కలు మొదట్లో బాగుంటాయి కానీ రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో జిగురు నాని పక్కకు జరుగుతాయి. సగం జరిగిన ఫెల్ట్ కింద ఇసుక చేరితే ముందుకన్నా ఎక్కువ గీరుతుంది. చెక్క కుర్చీలైతే మేకుతో వచ్చే ఫెల్ట్ కొనండి.

పిల్లల పరుగులు: ఆడుకునే చోట 12 మిల్లీమీటర్ల పైన మందమున్న పజిల్ మ్యాట్లు పరిస్తే బంతి, బొమ్మలు పడ్డ టకటకలు బాగా తగ్గుతాయి. మడమల దభదభ మాత్రం కొంతే తగ్గుతుంది. అది లోతైన చప్పుడు, మెత్తటి పరుపు దాన్ని పూర్తిగా మింగలేదు. ఇది ముందే తెలుసుకుంటే, మ్యాట్లు వేశాక కూడా వాళ్ల మీద విసుక్కోరు.

వాషింగ్ మెషిన్: గోడ అదిరిందంటే మూడు అనుమానాలు. ఫ్రంట్ లోడ్ అయితే, ఇల్లు మారేటప్పుడు వెనక బిగించిన ట్రాన్సిట్ బోల్టులు తీయకుండా వాడుతున్నారేమో చూడమనండి. మూడో నాలుగో ఉంటాయి. అవి ఉంటే డ్రమ్ము బాడీకి కట్టేసినట్టై మెషిన్ మొత్తం ఊగుతుంది. రెండోది మట్టం. స్పిరిట్ లెవెల్ పైన పెట్టి కాళ్లు సరిచేసి, లాక్ నట్లను పైకి, బాడీకి ఆనేలా బిగించాలి. ఈ నట్లు వదిలేస్తే కొన్నాళ్లకే మట్టం మళ్లీ తప్పుతుంది. మూడోది లోడు. దుప్పటి ఒక్కటే వేస్తే ముద్దగా ఒక వైపుకు చేరి కొడుతుంది, దాంతో పాటు రెండు తువ్వాళ్లు వేయాలి. స్పిన్ 1200 నుంచి 800కి తగ్గిస్తే తేడా మీకే తెలుస్తుంది. చక్రాలున్న స్టాండ్ మీద ఉంటే దించేసి, నాలుగు కాళ్ల కింద గట్టి రబ్బరు ప్యాడ్లు పెట్టాలి. మరీ మెత్తటివి పెడితే మెషిన్ ఊగుతూ చోటు నుంచి జరిగిపోతుంది.

ఇక మీ 40 డెసిబెల్స్ సంగతి. యాప్‌లు మామూలుగా ఏ-వెయిటింగ్‌లో కొలుస్తాయి. అది లోతైన మోతను తక్కువగా లెక్కించే పద్ధతి, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే సబ్‌వూఫర్ (లోతైన మోతకు విడిగా ఉండే స్పీకర్) మోత 65 ఉన్నా మీటర్‌లో 35గా కనబడుతుంది. సెట్టింగ్స్‌లో, లోతైన మోతను అంతగా తగ్గించని సీ-వెయిటింగ్‌కి మార్చి అదే చోట మళ్లీ కొలవండి. రెండింటికీ తేడా 15–20 దాటితే మీ బాధంతా బేస్‌దే, అంటే ఆ లోతైన మోతదే. అప్పుడు "సౌండ్ తగ్గించండి" అని అడిగితే పని జరగదు. వాళ్లు మాటల వాల్యూమ్ తగ్గిస్తారు, దుబ్‌దుబ్ మీకు వస్తూనే ఉంటుంది. అడగాల్సింది ఇది: సబ్‌వూఫర్‌ని గది మూలలోంచి జరిపి, కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ పెట్టి, రాత్రి పది తర్వాత దాని లెవెల్ బాగా దించడమో, ఆపేయడమో. చాలా రిసీవర్లలో, సౌండ్‌బార్లలో నైట్ మోడ్ ఉంటుంది. పేలుళ్ల మోత అణిగి మాటలు స్పష్టంగా వినబడతాయి కాబట్టి వాళ్లకూ ఇబ్బంది ఉండదు.

మాజీ సెక్రటరీ, నిజాంపేట

పైవారు చెప్పిన సరంజామా అంతా సరే. అది వాళ్ల ఇంట్లోకి వెళ్లేది మీ మాట తీరును బట్టి.

మొదట చప్పుడు వాళ్లదేనా అని తేల్చుకోండి. కాంక్రీటులో చప్పుడు అడ్డంగా, ఏటవాలుగా కూడా ప్రయాణిస్తుంది. నెత్తి మీద మోగుతున్నట్టు అనిపించినది పక్క లైన్ ఫ్లాట్‌దో, టెర్రస్ మీది ప్రెషర్ పంపుదో కావచ్చు. గోడ అదిరే వేళకు వాచ్‌మన్‌ని మోటర్ ఆన్‌లో ఉందేమో చూడమనండి. వాళ్లు ఊరెళ్లినప్పుడు కూడా గ్రైండర్ వినబడితే ఇక వాళ్లని అడగక్కర్లేదు.

తర్వాత ముఖాముఖి. చప్పుడు వస్తున్నప్పుడు కోపం మీద పైకి ఎక్కొద్దు. బెల్లు కొట్టే తీరులోనే మీ కోపం వాళ్లకు తెలిసిపోతుంది. ఆదివారం పదకొండు గంటల వేళ, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు వెళ్లండి. మీ ఇంటి ఇబ్బందితో మొదలుపెట్టండి: "ఆంటీ, మన స్లాబ్ మరీ పల్చనండి, మీ ఇంట్లో కుర్చీ జరిపితే మా మంచం దగ్గర వినబడుతోంది. ఇది మీకు తెలిసే అవకాశం లేదు కదా, అందుకే చెబుదామని వచ్చాను." ఇది నిజం కూడా, పైన ఉన్నవాళ్లకు ఆ చప్పుడు అంతగా వినబడదు. ఒకసారి వాళ్లలో ఒకరిని మీ బెడ్‌రూమ్‌లో కూర్చోబెట్టి పైన కుర్చీ జరపమనండి. ఎంత వివరించినా అర్థం కానిది అర నిమిషంలో అర్థమవుతుంది.

మొదటిసారి ఒకటి రెండు విషయాలే అడగండి. అన్నీ ఒకేసారి చదివితే అది ఫిర్యాదు చిట్టా అవుతుంది. మీ స్థానంలో నేనైతే కుర్చీలు, రాత్రి బేస్ అడుగుతాను. బుష్‌లు మీరే కొని పట్టుకెళ్లండి. ఆరు కుర్చీలకు ఇరవై నాలుగు కావాలి, నాలుగు ఎక్కువే తీసుకోండి. గ్రైండర్ మాట రెండో విడత. ఇడ్లీ పిండి రాత్రి ఏడెనిమిది గంటలకు రుబ్బుకున్నా తెల్లారేసరికి పులుస్తుంది కాబట్టి వేళ మార్చడం పెద్ద కష్టం కాదు. గ్రైండర్ గోడకు ఆనకుండా మూడంగుళాలు జరిపి, కింద మందమైన రబ్బరు మ్యాట్ వేసుకోమనండి. గట్టు మీద చిన్న రోట్లో అల్లం వెల్లుల్లి దంచే అలవాటుంటే అదీ ఇంతే. గ్రానైట్ గట్టు గోడలోకి దిగి ఉంటుంది కనుక రోటి కింద నాలుగు మడతల గోనెపట్టా వేస్తే పోటు చాలావరకు తగ్గుతుంది. చట్నీ కోసం రెండు నిమిషాల మిక్సీని మాత్రం వదిలేయండి.

వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, దయచేసి. "కొందరు రాత్రుళ్లు..." అని పేరు లేకుండా పెట్టినా అది ఎవరికో అందరికీ తెలుస్తుంది, వాళ్లకు అందరి ముందూ తలవంపు. అద్దెకున్నవాళ్లు కదా అని ఇంటి ఓనరుకి ముందే ఫోన్ చేయడం ఇంకా తప్పు. ఖాళీ చేయించాలని చూస్తున్నారని భయపడతారు, ఇక మీతో మాట్లాడరు.

న్యాయవాది

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. వాళ్లను బెదిరించడానికని కాదు, ఎక్కడ దాకా అడగవచ్చో తెలియడానికి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. సొంత మ్యూజిక్ సిస్టమ్ చప్పుడు ఆ ఇంటి హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. అంటే రాత్రి పూట 50. కాబట్టి హోమ్ థియేటర్ విషయంలో అడగడానికి ఆధారం ఉంది, కానీ ఈ పరిమితులు కూడా ఏ-వెయిటింగ్ లెక్కలోవే, 40 లోపు చూపిస్తున్న మీ కొలతతో మాత్రం అది నిలబడదు.

పిల్లల పరుగులు, కుర్చీలు అలా కాదు. అవి రోజువారీ బతుకు చప్పుళ్లు, వాటి మీద కేసు నిలబడదు. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ చెప్పే పబ్లిక్ న్యూసెన్స్ కూడా నలుగురికీ ఇబ్బంది కలిగించే దాని గురించే. 292 కింద శిక్ష 1000 రూపాయల లోపు జరిమానా. ఒక్క ఇంటి బాధకు అది సరిపడదు. డయల్ 100కి ఫోన్ చేస్తే ఆ పూట ఆగవచ్చు, పలకరింపులు కూడా ఆ పూటతోనే ఆగిపోతాయి. అర్ధరాత్రి పార్టీలు పదేపదే జరుగుతుంటే తప్ప నేను ఆ దారి చెప్పను.

మాటతో తేలకపోతే అసోసియేషన్ వంతు. ఒక ఇంటి పేరు ఎత్తకుండా, జనరల్ బాడీలో అందరికీ వర్తించే వేళలు తీర్మానం చేయించండి: రాత్రి 10 తర్వాత సబ్‌వూఫర్, వాషింగ్ మెషిన్ వద్దు, డ్రిల్లింగ్, టైల్స్ కోత పనిరోజుల్లో 10 నుంచి 5 మధ్యే. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించి, అద్దె ఒప్పందాలకు జత చేయమని ఓనర్లకు చెప్పాలి. అప్పటికీ కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో ఇద్దర్నీ కూర్చోబెడతారు, ఖర్చుండదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

తేదీ, వేళ, ఏ చప్పుడు, ఎంతసేపు అని ఒక నోటుబుక్కులో రాసి ఉంచుకోండి.

మాజీ సెక్రటరీ, నిజాంపేట

రాసుకోవడం మంచిదే, కానీ మొదటిసారి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం ఇంట్లోనే ఉంచండి. మనల్ని లెక్క రాస్తున్నారని తెలిస్తే ఎంత మంచివాళ్లైనా ముడుచుకుపోతారు.

మూడో అంతస్తు, కూకట్‌పల్లి

అందరికీ ధన్యవాదాలు. సీ-వెయిటింగ్‌లో పెట్టి చూస్తే తేడా 22 వచ్చింది, అంటే బేసే. ఈ ఆదివారం కుర్చీలు, సబ్‌వూఫర్ మాత్రమే అడుగుతాను. వాళ్ల కుర్చీల కాళ్లు ఇనుప గొట్టాలు, మా ఇంట్లో గీతకు గుర్తున్నంతవరకు అడ్డంగా 25 మిల్లీమీటర్లు. లోపలికి దూర్చేవి తేవాలా, పైన తొడిగేవా?

శబ్దం పని చేసేవాణ్ణి

పైన తొడిగేవే, 25 సైజు. లోపలికి దూర్చేవి ఎక్కువగా గట్టి ప్లాస్టిక్, టైల్ మీద వాటి కీచు తగ్గదు. ఇప్పటికే లోపల ప్లాస్టిక్ బిరడాలు ఉంటే తీయకండి, అవి లేకపోతే గొట్టం అంచు రబ్బరును కోసేస్తుంది. తొడిగే ముందు కాలికి ఉన్న తుప్పు, జిడ్డు తుడిచి, బుష్‌ని వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచితే సులువుగా ఎక్కుతుంది. నలుపు రబ్బరు లేత రంగు టైల్స్ మీద మరక చేస్తుంది, తెలుపో బూడిద రంగో అడగండి.