అప్‌డేట్: కావలిలో మా మేడ మీద బుల్లి గులాబీలు

వేలాడే కుండీల్లో మినియేచర్ గులాబీల ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయని, పూసిన ఒకటీ అరాకూ వాసన లేదని ఎండల్లో అడిగాను కదా. మొక్కలు బతికాయి, పూస్తున్నాయి! జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముఖ్యంగా ఆకు తిప్పి చూడమన్న అక్కకి. అడుగున సన్నటి గూడు, అందులో సూదిమొనంత ఎర్రటి చుక్కలు మెల్లగా కదులుతున్నాయి. ఎర్రనల్లి! మందు జోలికి పోలేదు. రోజూ పొద్దున్నే ఆకుల అడుగుకు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టాను. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి.

మా బోరు నీళ్లు ఉప్పన, కుండీ అంచున తెల్లగా పేరుకునేది. ఇప్పుడు కుళాయి నీళ్లే పోస్తున్నాను. వడగాలికి వేలాడే కుండీ ఇట్టే ఆరిపోతుంది కాబట్టి వాటిని తూర్పు వసారాకు మార్చాను. మట్టిలో కొబ్బరిపొట్టు కూడా కలిపాను.

వాసన మాత్రం రకాన్ని బట్టే. మినియేచర్లలో చాలావాటికి అది తక్కువే. అమెరికాలో రాల్ఫ్ మూర్ 1984లో తెచ్చిన ‘స్వీట్ చారియట్’ మంచి వాసనది, ఊదారంగు పువ్వులు గుత్తులుగా వేలాడతాయి. మా వైపు నర్సరీల్లో దొరకలేదు. నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క కొమ్మ ఇప్పించండి, వచ్చి తీసుకుంటాను. అక్టోబరు వానలు మొదలైతే నల్లమచ్చ తెగులు టెన్షన్ ఎటూ ఉంటుంది, దానికి మీరేం చేస్తారో కూడా చెప్పండి.