క్రియాటినిన్ నార్మల్, యూరిన్‌లో మాత్రం ఆల్బుమిన్ ఎక్కువ. ఎందుకు?

మా నాన్నగారికి పదేళ్లకు పైగా షుగర్, బీపీ కూడా ఉంది. ఈసారి టెస్టుల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థం) 0.9 వచ్చింది. కానీ యూరిన్‌లో ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో 110 ఉంది, 30 లోపు ఉండాలట. షుగర్ వల్ల కిడ్నీలో వడపోసే సన్నని రక్తనాళాలు దెబ్బతిని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ బయటికి పోతుందని చదివాను. కంట్లో రెటీనా పాడయ్యేది కూడా ఇలాగేనట. అంతవరకు అర్థమైంది.

మరి వడపోత దెబ్బతింటే క్రియాటినిన్ ఎందుకు పెరగలేదు? డాక్టర్‌గారు బీపీకి టెల్మిసార్టాన్ రాసి, కిడ్నీకీ మంచిదన్నారు. బీపీ మాత్ర ఆల్బుమిన్‌ని ఎలా తగ్గిస్తుంది? నాన్నగారికి అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉన్నాయి, ఆయనేమో చెప్పులు బిగుతంటారు! కంటి పరీక్ష కూడా ఇప్పుడే చేయించాలా? తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.